కారులో జీపీఎస్: సిగ్నల్ పోయినా దారి చూపాలంటే ఏది కొనాలి?

షాంటిలీ చుట్టుపక్కల ఉండే మన కుటుంబాలకు రోజువారీ తిరుగుడులో జీపీఎస్ గురించి ఆలోచించే పని పెద్దగా ఉండదు. రూట్ 50 మీదైనా, రూట్ 28 మీదైనా ఫోన్‌కి సిగ్నల్ బాగానే ఉంటుంది. ఇబ్బంది వచ్చేది ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చినప్పుడే. పిల్లలతో సహా అందరినీ ఎక్కించుకుని షెనండోవా కొండలకో, చలికాలంలో మంచు చూడ్డానికి వెస్ట్ వర్జీనియాకో బయల్దేరతాం. కొండల్లోకి వెళ్లేసరికి సిగ్నల్ పోతుంది. స్క్రీన్ మీద నీలం చుక్క మాత్రం కదులుతూనే ఉంటుంది. దాని చుట్టూ రోడ్డు ఉండదు, ఖాళీ గళ్లు కనిపిస్తాయి.

ఆ చుక్క ఎందుకు ఆగలేదో తెలిస్తే ఏం కొనాలో సగం తేలినట్టే. జీపీఎస్ ఉపగ్రహాలు సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతూ, టైమ్ ఎంతయిందో, తాము ఎక్కడున్నాయో నిరంతరం చెబుతూ ఉంటాయి. కనీసం నాలుగింటి మాట వింటే మన ఫోన్ తానెక్కడుందో లెక్క కట్టుకుంటుంది. వినడమే తప్ప ఉపగ్రహానికి తిరిగి పంపేది ఏమీ లేదు. అందుకే దీనికి సిమ్ అక్కర్లేదు, డేటా అక్కర్లేదు, నెలనెలా చందా కూడా లేదు. (షాంటిలీలో ఉపగ్రహాల ఆఫీసు అనగానే అందరికీ ఎన్ఆర్ఓ గుర్తొస్తుంది. అది చూసేది నిఘా ఉపగ్రహాలను. జీపీఎస్‌ని నడిపేది స్పేస్ ఫోర్స్, అదీ కొలరాడో నుంచి.)

అయితే ఉపగ్రహం మ్యాప్ పంపదు. మ్యాప్ వచ్చేది సెల్ టవర్ నుంచి. కాబట్టి కొనేముందు చూడాల్సింది ఒక్కటే: టవర్ లేనప్పుడు కూడా మ్యాప్ మీ చేతిలోని పరికరంలోనే ఉంటుందా?

చాలామందికి కొత్తగా ఏదీ కొనక్కర్లేదని నా అభిప్రాయం. గూగుల్ మ్యాప్స్‌లో మనం వెళ్లే ప్రాంతాన్ని ఇంట్లో వైఫై మీదే డౌన్‌లోడ్ చేసి పెట్టుకోవచ్చు. ఆపిల్ మ్యాప్స్‌లో కూడా 2023లో వచ్చిన ఐఓఎస్ 17 నుంచి ఈ సౌకర్యం ఉంది. డౌన్‌లోడ్ చేసిన గూగుల్ మ్యాప్‌తో కారు దారి దొరుకుతుంది కానీ ట్రాఫిక్ సంగతి, వేరే దారులు చూపించదు. కొండ రోడ్డు మీద వాటితో పెద్దగా పని లేదు. ఒక్క జాగ్రత్త: స్కైలైన్ డ్రైవ్ వరకే కాకుండా ఇంటి నుంచి ఇంటి దాకా, అటూ ఇటూ కాస్త ఎక్కువగానే డౌన్‌లోడ్ చేయండి. దారి మళ్లిస్తే పనికొచ్చేది ఆ అంచుల్లో ఉన్న మ్యాపే.

డ్రాయర్‌లో పడున్న పాత ఫోన్‌ని ఇక్కడ బయటికి తీయవచ్చు. సిమ్ లేకపోయినా దాని జీపీఎస్ పనిచేస్తుంది. మ్యాప్‌లు ఎక్కించి కారులో పెట్టుకుంటే డబ్బులు ఖర్చు కాకుండా రెండో నావిగేటర్ దొరికినట్టే. పాత ఐప్యాడ్‌తో కూడా ఇదే చేయొచ్చు కదా అనుకోకండి. వైఫై మాత్రమే ఉండే ఐప్యాడ్‌లో జీపీఎస్ చిప్పే ఉండదు, సెల్యులర్ మోడల్‌లోనే ఉంటుంది.

మరి గార్మిన్ లాంటి విడి జీపీఎస్ ఎవరికి? తరచూ దూరం వెళ్లేవాళ్లకు, ఎండలో ఫోన్ వేడెక్కి ఆరిపోతోందని విసిగినవాళ్లకు, ఒకే ఫోన్‌లో కాల్స్, పాటలు, దారి అన్నీ నడపడం ఇష్టం లేనివాళ్లకు. మ్యాప్ మొత్తం దాని లోపలే ఉంటుంది కాబట్టి టవర్‌తో పని లేదు. కొనేముందు మ్యాప్ అప్‌డేట్లు ఉచితమో కాదో, వైఫైతో అవుతాయో కంప్యూటర్‌కి తగిలించాలో చూసుకోండి. కంప్యూటర్‌కి తగిలించే రకమైతే ఏడాది పాటు ఎవరూ ఆ పని చేయరు, మన ఇళ్ల సంగతి మనకు తెలిసిందే. ట్రెక్కింగ్ వాళ్లు పట్టుకునే చిన్న జీపీఎస్‌లను మాత్రం కారు కోసం కొనకండి. వానకు తడిసినా తట్టుకుంటాయి కానీ, చిన్న స్క్రీన్ మీదికి వంగి చూస్తూ కారు నడపడం కుదిరే పని కాదు.

చేతిలో పట్టుకునే మాట వచ్చింది కాబట్టి చట్టం సంగతి. వర్జీనియాలో 2021 జనవరి 1 నుంచి కారు నడుపుతూ ఫోన్ చేత్తో పట్టుకోవడం నేరం. మొదటిసారి 125 డాలర్లు, రెండోసారి 250. రోడ్డు పనులు జరిగే చోట పట్టుబడితే మొదటిసారే 250. కాబట్టి ఏ ఫోన్ అన్నదానికంటే ఏ స్టాండు అన్నది ముందు తేల్చుకోండి. నా ఓటు ఏసీ గాలి వచ్చే చోట బిగించే స్టాండుకి. వేసవిలో ఫోన్ చల్లగా ఉంటుంది, అద్దానికి అడ్డం రాదు. అదే స్టాండుని చలికాలంలో హీటర్ గాలికి ఎదురుగా పెట్టకండి.

వెస్ట్ వర్జీనియా వెళ్లేవాళ్లకు ఇంకో సంగతి. గ్రీన్ బ్యాంక్‌లో పెద్ద రేడియో టెలిస్కోప్ ఉంది. దానికి అంతరాయం రాకూడదని 1958లోనే సుమారు 13,000 చదరపు మైళ్లను రేడియో నిశ్శబ్ద ప్రాంతంగా ప్రకటించారు. మంచు ఆటలకు వెళ్లే స్నోషూ ఉన్నది కూడా అదే కౌంటీలో. అక్కడి రోడ్ల మీద సెల్ సిగ్నల్ మీద ఆశ పెట్టుకోకూడదు. జీపీఎస్‌కి ఆ నిబంధనలతో ఇబ్బంది లేదు, మన పరికరం వినేదే కదా.

జీపీఎస్ చేయలేనిది కూడా తెలిసి ఉండాలి. ఆకాశం బాగా కనిపించే చోట కూడా ఫోన్ లెక్క సుమారు 5 మీటర్లు అటూ ఇటూగా ఉంటుంది. హైవే లేన్ వెడల్పు 12 అడుగులు, అంటే నాలుగు మీటర్లు కూడా లేదు. ఐ-66 మీద మీరు ఎక్స్‌ప్రెస్ లేన్‌లో ఉన్నారో, పక్కనున్న మామూలు లేన్‌లో ఉన్నారో అది కచ్చితంగా చెప్పలేదు. టోల్ ఎంతో చెప్పే బోర్డు చూడాల్సింది మన కళ్లే.

గమ్యం టైప్ చేయడం దగ్గర కూడా తడబాటు వస్తుంది. ఓల్డ్ ర్యాగ్ అనే పేరు స్కైలైన్ డ్రైవ్ మీద ఒక వ్యూ పాయింట్‌కీ ఉంది, కొండెక్కే బాటకీ ఉంది. బాట మొదలయ్యేది కొండకి తూర్పున, పార్కు సరిహద్దులో. స్కైలైన్ డ్రైవ్ మీంచి కారులో అక్కడికి దిగే దారి లేదు. పొరపాటున పైకి వెళ్తే మళ్లీ పార్కు బయటికి వచ్చి చుట్టు తిరిగి పోవాలి. కాబట్టి పేరు కాకుండా పార్కింగ్ చోటుని వెతికి, ఇంట్లోనే సేవ్ చేసుకోండి. ఆ బాటకి ముందుగా టికెట్ కొనాల్సి ఉందేమో కూడా చూసుకోండి. ఉంటే దాన్ని కూడా బయల్దేరేముందే ఫోన్‌లోకి దించుకోండి, అక్కడికెళ్లి కొందామంటే సిగ్నల్ దొరకదు.