బరువెత్తిన ట్రాక్టరు ఏల జారును?

ముందువైపున మట్టినెత్తు బకెట్టు అమర్చిన చిన్న ట్రాక్టరు, బకెట్టు ఖాళీగా ఉన్నప్పుడు మెత్తని నేలపై చిన్న ఎత్తును సునాయాసముగా ఎక్కును. అదే ట్రాక్టరు బకెట్టు నిండ పెంటనో, ఇసుకనో నింపుకొని వచ్చినప్పుడు అదే ఎత్తున నిలిచిపోవును. ఇంజను ఆగదు, వెనుక చక్రములు మాత్రము ఉన్నచోటనే గిర్రున తిరిగి నేలను త్రవ్వుచుండును. బరువు పెరిగినప్పుడు నేలపై పట్టు కూడ పెరుగవలెను గదా, తగ్గుటకు కారణమేమి? ఇంజను పాతబడి శక్తి చాలకున్నదని యజమాని తలంచును. ఆ తలంపు సాధారణముగా తప్పు. శక్తి చాలని ఇంజను ఆగిపోవును గాని, చక్రములను గిర్రున త్రిప్పజాలదు.

ఇట్టి పాత ట్రాక్టర్లకు మంచి ఉదాహరణ ఫెర్గూసన్ టి.ఇ.20. ఐర్లండున జన్మించిన హారీ ఫెర్గూసన్ రూపొందించిన ఈ యంత్రము 1946 మొదలు 1956 వరకు ఇంగ్లండులోని కోవెంట్రీ నగరమున 5 లక్షలకు పైగా తయారైనది. దీని బరువు సుమారు 1,100 కిలోగ్రాములు మాత్రమే. దాని రంగునుబట్టి ఆంగ్లేయులు దీనిని ముద్దుగా ‘చిన్న బూడిద ఫెర్గీ’ అని పిలిచిరి. బ్రిటను, న్యూజీలండు దేశముల చిన్న కమతములలో నేటికిని పనిచేయుచున్నవి కలవు. ఇందు ఇంజను త్రిప్పునది వెనుక చక్రములనే, బ్రేకులును వాటికే. లోడరు అమర్చినచో దాని బకెట్టు మాత్రము ముందుండును. చిక్కంతయు ఇక్కడనే ఉన్నది.

లెక్క సులభమగుటకై ఒక ఊహా ట్రాక్టరును తీసికొనుడు. ఖాళీ బకెట్టుతో దాని బరువు 1,000 కిలోగ్రాములు. అందు 600 వెనుక ఇరుసుపైనను, 400 ముందు ఇరుసుపైనను పడుచున్నవి. రెండు ఇరుసుల నడుమ దూరము 1.8 మీటర్లు. ముందు ఇరుసునకు 1.2 మీటర్లు ముందుగా బకెట్టులో 300 కిలోగ్రాముల ఇసుక ఉన్నది. ఇప్పుడు ట్రాక్టరు ఒక తులాదండము. ముందు ఇరుసు దాని ఆధారము. ఇసుక భ్రామకము 300 × 1.2 = 360. దీనిని 1.8 చే భాగించగా 200 వచ్చును. అనగా ఇసుక వెనుక ఇరుసును 200 కిలోగ్రాముల మేరకు పైకెత్తినది. వెనుక మిగిలినది 400 మాత్రమే. ముందు ఇరుసుపై 900 పడినది. బండి బరువు 1,300 కు పెరిగినను, దానిని నడపవలసిన చక్రములు తేలికైనవి.

మెత్తని నేలపై చక్రము తనపై పడు బరువులో పదింట నాలుగు వంతుల మేరకు త్రోయగలదనియు, నేల అడ్డగింపు మొత్తము బరువులో నూటికి 8 వంతులనియు, ఎత్తు నూటికి 10 వంతులనియు అనుకొనుడు. ఖాళీగా ఉన్నప్పుడు కావలసినది 180, దొరకునది 240. బండి ఎక్కును. బకెట్టు నిండినప్పుడు కావలసినది 234, దొరకునది 160. బండి ఎక్కదు. (ఎక్కునపుడు వాలు వలన బరువు కొంత వెనుకకు జరుగును. అది స్వల్పమగుటచే లెక్కలో చేర్చలేదు.)

దీనికి ఉపాయము వెనుక బరువు పెంచుట. కాని బరువు ఎంత అను ప్రశ్నతోబాటు, ఎక్కడ అను ప్రశ్న కూడ ముఖ్యము. 250 కిలోగ్రాముల ఇనుప బిళ్ళలను వెనుక చక్రములకే బిగించినచో వెనుక ఇరుసుపై 650 అగును. చక్రములు 260 మేరకు త్రోయగలవు. కాని బండి మొత్తము 1,550 అయినందున కావలసినది 279. ఇప్పటికిని చాలదు! అదే 250 కిలోగ్రాములను కాంక్రీటు దిమ్మెగా పోసి, హైడ్రాలిక్ లిఫ్టుకు తగిలించి, వెనుక ఇరుసునకు 0.9 మీటరు వెనుకగా వ్రేలాడదీసినచో 250 × 2.7 ÷ 1.8, అనగా 375 వెనుక ఇరుసుపై చేరును. వెనుక 775, ముందు 775. చక్రములు 310 మేరకు త్రోయగలవు, బండి ఎత్తునెక్కును. ముందు ఇరుసుపై 125 తగ్గుట రెండవ లాభము. పాత ట్రాక్టరులో స్టీరింగు కీళ్ళు, ముందు చక్రముల బేరింగులు అంత భారమునకై చేయబడినవి కావు. వాటిని మార్చుటకగు ఖర్చుతో పోల్చినచో కాంక్రీటు దిమ్మె చాల చవుక.

ఎత్తు ఎక్కలేకపోవుట కాలయాపన మాత్రమే. వాలు దిగుటలో ప్రాణభయము కలదు. నిండిన బకెట్టుతో ముందుకు దిగునపుడు వెనుక చక్రములపై ఉన్న కొద్ది బరువును మరికొంత తగ్గును. బ్రేకు త్రొక్కినచో చక్రములు బిగుసుకొని జారునేగాని బండి ఆగదు. నాలుగు చక్రములను ఇంజను త్రిప్పు చిన్న ట్రాక్టర్లలో సైతము పెక్కింటికి బ్రేకులు వెనుకనే ఉండును. అట్టివానిలో ముందు చక్రముల గేరును కలిపి ఉంచినచో వాటికిని కొంత నిరోధము చేరును. రెండు చక్రముల బండియైనచో నిండు బకెట్టు ఎత్తువైపునకే ఉండునట్లు, వెనుకకు నడుపుచు దిగవలెను. బకెట్టును నేలకు జానెడెత్తున మించి ఎత్తరాదు. ఎత్తినకొలది గురుత్వ కేంద్రము పైకి పోవును. ఒక చక్రము గోతిలో పడిన చాలు, బండి ప్రక్కకు ఒరగును. పాత ట్రాక్టర్లలో డ్రైవరును కాపాడు ఇనుప చట్రము సాధారణముగా ఉండదు. దానిని సీటు బెల్టుతో సహా అమర్చిన తరువాతనే తక్కిన మెరుగుల మాట తలపెట్టవలెను.

బరువు పెంచుటకు టైర్లలో నీరు నింపు పద్ధతి కూడ కలదు. గాలి వాల్వును పైకి త్రిప్పి ఉంచి, దాని మట్టము వరకు నింపినచో టైరులో ముప్పాతిక వంతు నీరుండును. మిగిలిన చోటున గాలి ఉండును. చలిదేశములలో నీరు గడ్డకట్టకుండ కాల్షియం క్లోరైడు కలుపుదురు. దాని వలన ద్రవము మరింత బరువెక్కును గాని, ట్యూబు కారినచో ఇనుప రిమ్ము త్రుప్పుపట్టును. తెలుగుదేశమున మంచినీరే చాలును.

అయితే బరువు అన్ని నేలలలోను ఒకే విధముగ పనిచేయదు. నేల చక్రమునకిచ్చు పట్టులో రెండు పాళ్ళు కలవు. ఒకటి రేణువుల మధ్యనుండు ఘర్షణ. ఇది బరువుతో పెరుగును. రెండవది రేణువులను అంటిపెట్టి ఉంచు జిగి. ఇది బరువుతో పెరుగదు, తాకుచున్న వైశాల్యముతో పెరుగును. పొడి ఇసుకలో మొదటిదే ప్రధానము. తడిసిన బంకమట్టిలో రెండవదే ప్రధానము. అందు బరువు పెంచినచో చక్రము దిగబడును. కృష్ణా, గోదావరి డెల్టాలలో దమ్ము చేయు ట్రాక్టర్లకు ఇనుప కమ్ముల దమ్ముచక్రములు బిగించుటలోని మర్మమిదియే. అవి బరువును విశాలముగ పరచి, బురదను అడ్డముగ నెట్టి బండిని నడుపును. అవే తారురోడ్డు ఎక్కినచో రోడ్డును చీల్చివేయును.

ఇదే సూత్రము భూమికి రెండవ చివర కూడ పనిచేసినది. సర్ ఎడ్మండ్ హిల్లరీ బృందము 1957 అక్టోబరులో అంటార్కిటికాలోని స్కాట్ స్థావరమునుండి బయలుదేరినప్పుడు వారి వెంట ఉన్నవి ఫెర్గూసన్ ట్రాక్టర్లే. మంచుపై టైర్లు పనికిరావని చక్రముల చుట్టు పట్టాలు తొడిగిరి. ఆ బండ్లలో మూడు 1958 జనవరి 4న దక్షిణ ధ్రువము చేరినవి. నేలమార్గమున అచ్చటికి చేరిన మొదటి మోటారు వాహనములు అవియే. ఇంజను చిన్నదైనను, తాకు వైశాల్యము చాలుటయే అందు గ్రహింపదగిన విషయము.

సామాన్యునికి పట్టాలు అక్కరలేదు. టైరులో గాలిని తయారీదారు అనుమతించిన కనిష్ఠము వరకు తగ్గించినచో తాకు వైశాల్యము ఖర్చు లేకయే పెరుగును. ఇది వెనుక టైర్లకే. బకెట్టు భారము మోయు ముందు టైర్లకు పూర్తి గాలి ఉండవలెను. ఒక వెనుక చక్రము మాత్రమే జారుచున్నప్పుడు ఆ వైపు బ్రేకును మెల్లగా త్రొక్కవలెను. డిఫరెన్షియలు రెండు చక్రములకు సమానమైన త్రిప్పు బలమునే పంచును గావున, జారు చక్రమును బిగబట్టినచో పట్టున్న చక్రమునకు కూడ బలము అందును.

ఈ మెరుగులు ఫలించినవో లేదో ఉన్నత పాఠశాల విద్యార్థులు కూడ కొలిచి చెప్పగలరు. వెనుక టైరుపై సుద్దతో గుర్తు పెట్టి, పని లేకుండ చక్రము 10 చుట్లు తిరుగులోపల బండి పోయిన దూరమును కొలువవలెను. అది 38 మీటర్లనుకొనుడు. పనిలో అవే 10 చుట్లకు 33 మీటర్లే పోయినచో, తగ్గిన 5 మీటర్లు జారుడు. అనగా నూటికి సుమారు 13. మెత్తని నేలలో నూటికి 10 మొదలు 15 వరకు జారుడు ఉండవలసినదే. 20 దాటినచో టైర్లు అరిగి, నూనె వృథాయగును. వెనుక బరువు చాలలేదని అర్థము. 5 కు లోబడినచో అనవసరమైన బరువును మోయుచున్నట్లు. దిమ్మెను కొంత తగ్గించుటయో, టైర్లలోని నీటిని కొంత తీసివేయుటయో చేయవచ్చును.