మరియా వోర్త్ : ఒక సరస్తీర గ్రామము, దాని యాత్రాలయము

ఒక చిన్న గ్రామము యొక్క చరిత్రను వ్రాయబూనువారికి లిఖితాధారములు సమృద్ధిగా లభించుట యరుదు. లభించినవియు తరచుగా గ్రామము నేలిన వారిని గూర్చి చెప్పునే కాని, గ్రామమును గూర్చి చెప్పునది స్వల్పము. అట్టి యెడల గ్రామనామమే తొలి సాక్షి యగుచున్నది. ఆస్ట్రియా దేశమున కారింథియా రాష్ట్రమునందలి మరియా వోర్త్ గ్రామము ఇందుకు మంచి నిదర్శనము. ఆ పేరునే ఆధారముగా గొని, ఆ గ్రామము యొక్కయు, అచటి మేరీమాత చర్చి యొక్కయు చరిత్రను ఇచట సంగ్రహముగా పరిశీలింతము.

కారింథియాలోని సరస్సులలో మిక్కిలి పెద్దదైన వోర్తర్‌సే సుమారు 16 కిలోమీటర్ల పొడవున తూర్పుపడమరలుగా వ్యాపించియున్నది. దాని దక్షిణపుటొడ్డు నుండి నీటిలోనికి చొచ్చుకొనిపోయిన మెట్టపై రెండు చర్చీలు నిలిచియున్నవి. నేడది ద్వీపకల్పము. 1770 ప్రాంతము వరకు దానికి ఒడ్డుతో సంబంధము లేదు. నలువైపుల నీరు గల దీవి యది. 'వోర్త్' అను పదమునకు ప్రాచీన జర్మను భాషలో దీవి యనియే యర్థము. తెలుగున మనము వాడు 'లంక' శబ్దమునకు ఇంచుమించుగా సమానము. 894 నాటి పత్రమున ఈ పేరు 'వెర్ద్' అను రూపమున గానవచ్చుచున్నది. జర్మను భాషలో 'సే' యనగా సరస్సు. కావున వోర్తర్‌సే యనగా 'లంక సరస్సు' అన్నమాట. అంత పెద్ద సరస్సునకు ఇంత చిన్న దీవి పేరు పెట్టినది!

ఇంకొక విశేషము గలదు. ఈ గ్రామమునకు స్లొవీను భాషలో 'ఒతోక్' అని పేరు. ఆ పదమునకును దీవి యనియే యర్థము. ధ్వనిలో పోలిక లేని ఈ రెండు పేర్లును ఒకే భౌగోళిక సత్యమును చెప్పుచున్నవి. దీవి ఒడ్డుతో గలిసి రెండువందల యేబది సంవత్సరములు గడచినను, రెండు భాషలును ఆ నీటిని మరువలేదు.

ఒకే స్థలమునకు రెండు భాషల పేర్లేల కలిగెను? దీనికి సమాధానము ఆ దేశపు పూర్వచరిత్రలో నున్నది. ఇది ఒకప్పుడు కారంతానియా యను స్లావు రాజ్యము. ఎనిమిదవ శతాబ్దిలో అది బవేరియా యాధిపత్యము క్రిందికి వచ్చెను. అచటి ప్రజలను క్రైస్తవమతమునందు చేర్చు ప్రయత్నమున ఫ్రైజింగు నగరపు బిషప్పులు ముఖ్యులు. వారే 875 ప్రాంతమున ఈ దీవిపై చర్చిని గట్టించి, రోమక ధర్మవీరులగు ప్రీముసు, ఫెలీసియానుల పవిత్రావశేషములను అందు నిలిపిరి. ఫ్రైజింగు గ్రంథ భాండారమునకు చెందిన ఒక లాటిను ప్రతిలో, సుమారు 1000వ సంవత్సరము నాటి స్లొవీను పాపనివేదనలు, ఉపదేశము గలవు. స్లొవీను భాషకు అవియే తొలి లిఖిత నిదర్శనములు. అనగా ఫ్రైజింగు మతాచార్యులు ప్రజల భాషను విడిచి తమ కార్యము సాగింపలేదు.

తరువాతి చరిత్రను కట్టడములే చెప్పును. సుప్రసిద్ధ చరిత్రకారుడును, చక్రవర్తి ఫ్రెడరిక్ బార్బరోసాకు మేనమామ వరుసవాడును కాక, పినతండ్రి వరుసవాడు నగు బిషప్పు ఒట్టో 1150 ప్రాంతమున ఇచట మతాచార్యుల సంఘమును నెలకొల్పి, రెండవ చర్చిని గట్టించెను. 1155లో ప్రతిష్ఠితమైన ఈ చిన్న చర్చికి 'శీతకాలపు చర్చి' యని వ్యవహారము. క్రీస్తు శిష్యులను చిత్రించిన పన్నెండవ శతాబ్ది కుడ్యచిత్రములు నేటికిని అందు నిలిచియున్నవి. 1399లో అగ్నిప్రమాదము సంభవింపగా, అనంతరము గోథిక్ శైలిలో పునర్నిర్మాణము జరిగెను. 1598లో జెస్యూటు సంఘము వారు దీనికి అధికారులైరి. 1773లో ఆ సంఘము రద్దు కాగా, 1809లో సెయింట్ పాల్ బెనెడిక్టైన్ మఠము వశమైనది. ఇట్లు అధికారులు మారిరి. మేరీమాతను దర్శింప వచ్చు యాత్రికులు మాత్రము మానలేదు. 1863లో క్లాగెన్‌ఫర్ట్ నగరమునకు రైలుమార్గము వచ్చిన పిమ్మట విహారార్థులును వారితో జేరిరి. ఆగస్టు మాసమున మేరీమాత పండుగనాడు ప్రతిమను ఓడపై నుంచి సరస్సున ఊరేగించు నాచారము గలదు.

గ్రామనామ చర్చ పండితుల వినోదమాత్రమని తలచువారికి కారింథియా చరిత్ర హెచ్చరిక వంటిది. 1955 నాటి ఆస్ట్రియా రాజ్య సంధిలోని 7వ అధికరణము స్లొవీనుల భాషాహక్కులను గుర్తించినది. దాని ననుసరించి 1972లో ద్విభాషా గ్రామనామ ఫలకములను నాటగా, జర్మను పక్షపాతులు గుంపులుగా వచ్చి వానిని పెకలించివైచిరి. 2011లో 164 స్థలములకు ద్విభాషా ఫలకముల నంగీకరించు శాసనము వచ్చువరకు ఆ వివాదము తీరలేదు. ఒక భాషలోని పేరును తుడిచివేయుట, ఆ భాష మాట్లాడువారు అచట నివసించిరను సాక్ష్యమును తుడిచివేయుటయే.

కావున గ్రామచరిత్ర పరిశోధకులు, ఒక గ్రామమునకు రెండు పేర్లున్నచో, అధికార పత్రములలోనిది మాత్రమే గ్రహించి రెండవదానిని విడువరాదు. 'వోర్త్', 'ఒతోక్' అను రెండును విన్నవారికే ఆ దీవియు, దానిని చూచి పేరిడిన రెండు జాతులును గోచరించును.