పూతరేకుల సినిమా

పిల్లలూ! ఒక ఆదివారం సాయంకాలం మా వీధి అరుగు మీద ముగ్గురు పిల్లలు దిగాలుగా కూర్చుని ఉన్నారు. ఇద్దరు అన్నదమ్ములు, వాళ్ళ మేనమామ కూతురు. "ఏమిటర్రా సంగతి?" అని అడిగాను.

"మేము సినిమా తీద్దామనుకున్నాం, మాస్టారూ. సినిమాకు కోట్లు కావాలిట. నాన్న చెప్పాడు," అన్నాడు పెద్దవాడు.

"మీ నాన్న చెప్పింది నిజమే. రెండున్నర గంటల సినిమాకు కోట్లు కావాలి. మరి మూడు నిమిషాల సినిమాకు ఎంత కావాలో అడిగారా?" అన్నాను.

ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూచుకున్నారు. అది అడగాలని వాళ్ళకు తోచనే లేదు.

ఆ మూడు నిమిషాల సినిమా తరవాత తయారయింది. ఎలా తయారయిందో చెబుతాను. మీరు కూడా తియ్యవచ్చును. కాని ముందుగా ఒక చిన్న రహస్యం తెలుసుకోవాలి. సినిమాలో బొమ్మలు కదలవు! సినిమా అంటే కదలని బొమ్మల వరస. ఒక్కొక్క సెకండుకు ఇరవైనాలుగు బొమ్మలు మన కంటి ముందు మారిపోతాయి. రెండు బొమ్మల మధ్య ఉన్న ఖాళీని మన మనస్సే పూరించుకుని "కదిలింది" అనుకుంటుంది. లెక్క వేసి చూడండి: మూడు నిమిషాలంటే 180 సెకండ్లు. 180ని 24తో హెచ్చిస్తే 4,320 బొమ్మలు. చిన్న సినిమా చిన్న పనేమీ కాదు!

ఈ రహస్యంతోనే దాదాసాహెబ్ ఫాల్కే ఒక యుక్తి చేశాడు. 1912లో ఆయన లండను వెళ్ళి కెమెరా తెచ్చుకున్నాడు. కాని సినిమా తియ్యటానికి డబ్బు లేదు. అడిగితే ఇచ్చేవారూ లేరు. అప్పుడాయన ఒక బఠాణీ గింజను నాటి, అది మొలకెత్తి మొక్క అయ్యేదాకా విడివిడిగా బొమ్మలు తీశాడు. వాటిని వరసగా వేసి చూపితే, చూస్తూ ఉండగానే గింజ మొక్కయి పైకి లేచింది! అది చూచినవారికి ఆయన మీద నమ్మకం కలిగి డబ్బు పుట్టింది. 1913లో "రాజా హరిశ్చంద్ర" వెలువడింది. చూశారా, అంత పెద్ద సినిమాకు దారి చూపినది ఒక బఠాణీ గింజ!

ఇక మన గోదావరి సీమకు వద్దాం. కాకినాడలో చిత్తజల్లు పుల్లయ్యగారని ఒకాయన ఉండేవారు. 1921లో మద్రాసులో "భీష్మ ప్రతిజ్ఞ" అనే మూకీ తీసినప్పుడు ఆయన దానికి సహాయకుడుగా పనిచేశారు. మూకీ అంటే మాటలు వినిపించని సినిమా. పని నేర్చుకుని ఊరికి తిరిగి వచ్చి, 1925 ప్రాంతంలో కాకినాడలోనే "మార్కండేయ" కథను చిన్న మూకీగా తీశారు. అప్పటికి ఆంధ్రదేశంలో స్టూడియో అంటూ ఒకటి లేదు. రాజమహేంద్రవరంలో దుర్గా సినీటోన్ వెలిసినది 1936లో గదా! యముడి వేషం పుల్లయ్యగారే వేసుకున్నారు. చేతిలో ఉన్నదానితో, చుట్టూ ఉన్నవారితో పని జరిపించటం అంటే అదే.

ఈ పుల్లయ్యగారే 1936లో పిల్లల చేత వేషాలు వేయించి "సతీ అనసూయ", "ధ్రువ విజయం" అనే రెండు చిత్రాలు తీశారు. అందులో అనసూయ వేషం వేసినది పంగిడి గ్రామంలో పుట్టిన కృష్ణవేణి. అప్పటికి ఆమెకు ఇంకా పన్నెండేళ్ళు నిండలేదు. ఆమె తరవాత పెద్ద నటి, నిర్మాత అయి, నూరేళ్ళు జీవించి, 2025లో కన్నుమూసింది.

ఈ కథలన్నీ విని మా ముగ్గురు పిల్లలూ లేచి నిలబడ్డారు. "అయితే మేమూ దెయ్యాల కథ తీస్తాం!" అన్నాడు చిన్నవాడు.

"దెయ్యానికి వేషం కావాలి, చీకటి కావాలి, దీపాలు కావాలి. మీ దగ్గర ఏమున్నాయో ముందు చూచుకోండి," అన్నాను. 1967లో బాపుగారు తమ మొదటి చిత్రం "సాక్షి"ని మా దగ్గరి పులిదిండి గ్రామంలో తీశారు. ఆ ఊరి రేవూ, ఇళ్ళూ, చెట్లూ ఉండగా వేరే ఊరు కట్టించవలసిన పని ఏమున్నది?

అప్పుడు ఆ అమ్మాయి, "మా పక్కింటి మామ్మగారు పూతరేకులు చేస్తారు. అది తీద్దామా?" అన్నది. మాది ఆత్రేయపురం ప్రాంతం. ఇక్కడి పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. అందరూ తిన్నవారే గాని, చేసే చేతిని చూచినవారు తక్కువ. "భేష్!" అన్నాను.

మర్నాడే తియ్యలేదు. మూడు రోజులు నోటుపుస్తకంలో గళ్ళు గీసి, ఒక్కొక్క గడిలో ఒక్కొక్క బొమ్మ వేశారు. దూరంనుంచి ఇల్లు. కాస్త దగ్గరగా పొయ్యి, మామ్మగారు. మరీ దగ్గరగా చేయి. కాగితం మీద తప్పు దిద్దటానికి రబ్బరు ముక్క చాలు. తీసిన తరవాత దిద్దాలంటే మళ్ళీ పొయ్యి వెలిగించాలి!

కెమెరా ఏదంటారా? వాళ్ళమ్మ సెల్‌ఫోను. చెయ్యి వణికితే బొమ్మ వణుకుతుంది కాబట్టి, ఒక స్టూలు మీద బియ్యపు సంచి పెట్టి, దానికి ఫోను ఆనించారు. వంటశాలలో చీకటిగా ఉంటే, కిటికీలోంచి పడే ఎండకు ఎదురుగా తెల్ల అట్ట పట్టారు. ఆ వెలుగు తిరిగి మామ్మగారి మొహం మీద పడింది. అట్ట ఖరీదు ఇరవై రూపాయలు!

మొదటి రోజు పని చాలా వరకు పాడయింది. చిన్నవాడు ఫోనును అటూ ఇటూ తిప్పుతూ తీశాడు. చూస్తే కళ్ళు తిరిగినవి. మామ్మగారు మాట్లాడుతూ ఉంటే పక్కన నీళ్ళ మోటారు మోగుతున్నది. మనం ఒకరి మాట వినేటప్పుడు తక్కిన చప్పుళ్ళను మనస్సు పక్కకు నెట్టేస్తుంది. ఫోనుకు ఆ తెలివి లేదు. అది మాటనూ, మోటారునూ ఒకటిగానే వింటుంది. కనుక తియ్యబోయేముందు కళ్ళు మూసుకుని ఒక నిమిషం వినండి. ఫోనును మాట్లాడేవారికి వీలయినంత దగ్గరగా పెట్టండి.

ఇంతకంటె పెద్ద పొరపాటు ఆ రాత్రి జరిగింది. ఫోనులో చోటు చాలలేదు. "ఇవన్నీ పాడయినవేగా," అని పెద్దవాడు కొన్ని ముక్కలు తుడిచేశాడు. వాటితో పాటు, మామ్మగారు పదేళ్ళ వయసులో తన మేనత్త దగ్గర ఈ పని నేర్చుకుంటూ మొదటిసారి చెయ్యి కాల్చుకున్న సంగతి పకపకా నవ్వుతూ చెప్పిన ముక్క కూడా పోయింది. ఒక్క ఆ ముక్కలోనే మోటారు ఆగి ఉన్నది!

మర్నాడు వాడు ఏడుపు మొహంతో వెళ్ళి మళ్ళీ చెప్పమని అడిగాడు. ఆమె చెప్పింది. కాని ఆ నవ్వు రాలేదు. "రేకు చిరిగితే మళ్ళీ గుడ్డ వేస్తాను గాని, మాట మళ్ళీ అలాగే వస్తుందా, నాన్నా?" అన్నది.

పిల్లలూ, ఇది బాగా గుర్తుంచుకోండి. మూకీల కాలంలో మన దేశంలో వెయ్యికి పైగా చిత్రాలు తయారయినవి. ఇప్పుడు మిగిలినవి బహు కొద్ది. ఆనాటి ఫిలిం ఇట్టే అంటుకునేది, నిలవ ఉంచితే చివికిపోయేది. కాకినాడ యముణ్ణి చూద్దామంటే మనకు లేడు. మీకు ఆ ఇబ్బంది లేదు. తీసినది ఆ రాత్రే రెండు చోట్ల దాచుకోండి. పాడయినదని తోచినదాన్ని కూడా పని పూర్తి అయ్యేదాకా తుడిచెయ్యకండి.

రెండో రోజు ఇంకొక చిక్కు వచ్చింది. ఫోను దగ్గరగా పెట్టగానే మామ్మగారు చేతులు కొంగులో దాచుకున్నది. "చేతులు తియ్యకండమ్మా. మొద్దుబారి నల్లగా ఉన్నాయి. నలుగురూ చూస్తే నవ్వుతారు," అన్నది. పెద్దవాడు రహస్యంగా తీసేద్దామన్నాడు. అమ్మాయి ఒప్పుకోలేదు. ఫోను పక్కన పెట్టి ఆమె దగ్గర కూర్చుని, "చేతులు లేకపోతే రేకు ఎలా వచ్చిందో ఎవరికి తెలుస్తుంది, మామ్మగారూ? ముందు మీరే చూడండి. వద్దంటే తీసేస్తాం," అన్నది. ఆమె కాసేపు ఆలోచించి, "సరే, కానివ్వండి," అన్నది. ఒకరిని తియ్యాలంటే ముందు వారిని అడగాలి. వద్దంటే మానాలి. మంట దగ్గర, కాలువ గట్టున తీసేటప్పుడు పెద్దవాళ్ళు పక్కన ఉండాలి.

అప్పుడు తీసిన బొమ్మ చూడాలి! బోర్లించిన కుండ కింద ఎండు కొబ్బరాకుల మంట. పల్చని బియ్యపు పిండిలో ముంచిన గుడ్డను ఆమె కుండ మీద పరచి లాగేస్తుంది. రెప్పపాటులో తెల్లటి పొర ఒకటి కుండను అంటుకుని, ఆరి, అంచులు లేస్తుంది. దాన్ని వెలుగుకు ఎత్తి పట్టుకుంటే అవతల ఆమె వేళ్ళు కనిపిస్తాయి.

మొత్తం తీసినది నలభై నిమిషాలు. ఉంచినది మూడు. మిగతాదంతా కోసి వెయ్యటానికి వారం రోజులు పట్టింది. సినిమా పాట పెడదామన్నాడు చిన్నవాడు. అది వేరొకరి సొత్తు. దాని బదులు మంట చిటపటలూ, గుడ్డ లాగిన చప్పుడూ, చివర మామ్మగారి మాట పెట్టారు.

ఖర్చు చెప్పనా? నోటుపుస్తకం 30 రూపాయలు, తెల్ల అట్ట 20, పూతరేకులు 150. మొత్తం 200. అందులో మూడు వంతులు పొట్టలోకే పోయింది!

బడి గోడకు తెల్ల పంచె కట్టి, ప్రొజెక్టరు పెట్టి, ఊరివాళ్ళకు చూపించారు. మామ్మగారు ముందు వరసలో కూర్చున్నది. గోడ మీద ఆమె చేయి గోడంత అయి, కుండ మీద గుడ్డ పరచింది. ఎవరూ నవ్వలేదు. అయిపోయాక ఆమె నా వైపు తిరిగి, "అరవై ఏళ్ళుగా చేస్తున్నానండీ, మాస్టారూ. నా చెయ్యి ఇలా తిరుగుతుందని ఇవాళే చూశాను. ఇంకొక్కసారి వెయ్యమనండి," అన్నది.

మళ్ళీ వేశారు.

మరి మీ ఇంట్లో, మీ వీధిలో ఎవరి చేతికి ఏ పని వచ్చునో ఈ ఆదివారం చూచి రండి. వలలు అల్లేవారా, కుండలు చేసేవారా, పడవ నడిపేవారా? ఫోను తియ్యకండి. ముందు ఒక కాగితం మీద ఆరు గళ్ళు గీసుకోండి.