సివిల్ జ్యూరీ తేల్చలేకపోతే గెలిచింది ఎవరు?

నర్సీపట్నం నుంచి మాట్లాడుతున్నా. ఈరోజు ఒక్కటే ప్రశ్న. అమెరికాలో ఉన్న మనవాళ్ళు ఎవరో యాక్సిడెంట్ పరిహారం కోసం కేసు వేశారనుకోండి. జ్యూరీ రోజుల తరబడి గదిలో కూర్చుని, చివరికి "మా వల్ల కాలేదండీ" అంది. మరి గెలిచింది ఎవరు?

చాలామంది ఏమంటారంటే, నిరూపించాల్సింది కేసు వేసినవాళ్ళే కదా, నిరూపించలేదు కాబట్టి ఓడిపోయినట్టే అని. కాదండీ. "నిరూపించలేదు" అని చెప్పడం కూడా ఒక తీర్పే. దానికీ సరిపడా మంది ఒప్పుకోవాలి. ఇక్కడ ఆ మాటకీ ఒప్పుకోలేదు. కాబట్టి ఎవరూ గెలవలేదు, ఎవరూ ఓడలేదు.

సరిపడా అంటే ఎంతమంది? రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. కాలిఫోర్నియాలో 12 మందిలో 9 మంది చాలు. టెక్సాస్ డిస్ట్రిక్ట్ కోర్టుల్లో 12కి 10. న్యూజెర్సీలో మామూలుగా జ్యూరీయే 6గురు, 5గురు ఒప్పుకోవాలి. ఫెడరల్ కోర్టులో మాత్రం, రెండు పక్షాలూ వేరేగా ఒప్పుకుంటే తప్ప, అందరిదీ ఒకే మాట అవ్వాలి. అందుకే అక్కడ ఒక్కరు మొండికేసినా కేసు ఆగిపోతుంది.

జ్యూరీ తేలలేదనగానే జడ్జి ఇంటికి పంపెయ్యరు. "ఇంకోసారి మాట్లాడుకోండి, కానీ మనస్సాక్షిని చంపుకోవద్దు" అన్న అర్థంలో చెప్పి మళ్ళీ గదిలోకి పంపొచ్చు. అప్పటికీ కాకపోతే మిస్‌ట్రయల్. అంటే ఆ విచారణ లెక్కలోకి రాదు. కొత్త జ్యూరీ, మళ్ళీ అవే సాక్ష్యాలు, మళ్ళీ లాయర్ ఫీజులు. అసలు నలిగిపోయేది ఇక్కడే. అందుకే చాలామంది ఈ దశలో రాజీకి కూర్చుంటారు. ఇంకో దారి కూడా ఉంది. ఒక పక్షానికి చట్టప్రకారం నిలబడే సాక్ష్యమే లేదనిపిస్తే, జడ్జే తీర్పు ఇవ్వొచ్చు. ఫెడరల్ కోర్టులో అలా అడగడానికి జ్యూరీని పంపేశాక 28 రోజులే గడువు. అదీ, విచారణ నడుస్తుండగా ఒకసారి అడిగి ఉంటేనే.

మరి మన దగ్గర? నర్సీపట్నం కోర్టులో సివిల్ దావా వేస్తే తేల్చేది జడ్జిగారొక్కరే. ఒక్కరే ఉన్నప్పుడు సగం సగం అన్న మాటే రాదు. అప్పీలులో ఇద్దరు జడ్జీలు చెరో మాట చెప్తే? సివిల్ ప్రొసీజర్ కోడ్ 98వ సెక్షన్ ప్రకారం, కింది కోర్టు డిక్రీని మార్చడానికి మెజారిటీ లేకపోతే అదే నిలుస్తుంది. తేడా న్యాయసూత్రం మీదైతే ఆ పాయింటును ఇంకో జడ్జికి పంపొచ్చు. లెటర్స్ పేటెంట్ ఉన్న హైకోర్టుల్లో దాని నియమం నడుస్తుంది.

మన దేశంలో సివిల్ జ్యూరీకి దగ్గరగా ఉన్నది పార్శీల విడాకుల కోర్టు. 1936 నాటి చట్టం అది. అక్కడ వాస్తవాలు తేల్చేది డెలిగేట్లు. వాళ్ళు సరిసమానంగా చీలితే జడ్జి మాటే చెల్లుతుంది.

తేడా గమనించారా? అప్పీలులో పడిపోతే పట్టుకోవడానికి కింద ఒక డిక్రీ ఉంది. పార్శీ కోర్టులో పైన జడ్జి ఉన్నారు. అమెరికా జ్యూరీకి కిందా పైనా ఏమీ లేదు, అందుకే మళ్ళీ మొదటి నుంచి. కాబట్టి అక్కడ కేసు వేసే మనవాళ్ళు లాయర్‌ని ముందే ఒక మాట అడగండి: "జ్యూరీ తేల్చకపోతే, రెండోసారికి ఖర్చు ఎవరిది? మన ఫీజు ఒప్పందంలో ఆ సంగతి రాసి ఉందా?" అని.

ఉంటానండి, వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.