‘ఏం పని చేస్తవ్?’: ఎక్స్‌రే కంటే ముందు అడగాల్సిన మాట

ఊళ్లల్లో మన వాడ మనిషిని ‘ఏం పని చేస్తవ్?’ అని అడిగితే అందులో సగం కులం ఆరానే. కానీ ఆ మాట నిజంగా అవసరమైన చోట, దగ్గుతో, దమ్ముతో దవాఖానకు పోయినప్పుడు, చాలాసార్లు ఎవరూ అడగరు. రోగిని వృత్తి అడగాలని ఇటలీ వైద్యుడు రామజ్జిని 1700లోనే రాశాడు.

కరీంనగర్ క్వారీల సంగతే తీసుకుందాం. గ్రానైట్‌లో క్వార్ట్జ్ ఉంటుంది, అంటే సిలికా. నీళ్లు పెట్టకుండా రాయిని తొలిచినా, కోసినా లేచే సన్నని దుమ్ము కంటికి ఆనదు. అది ఊపిరితిత్తుల చివరి గాలిగదుల దాకా పోతుంది. దాన్ని మింగిన రక్షణ కణాలు చచ్చిపోయి, అక్కడ మచ్చలు కట్టి, ఊపిరితిత్తి గట్టిపడుతుంది. ఇదే సిలికోసిస్. సాధారణంగా పదేళ్లకో, ఆ తర్వాతో బయటపడుతుంది. పని మానేశాక కూడా ముదరొచ్చు. నయం చేసే మందు లేదు.

చిక్కంతా ఎక్స్‌రే దగ్గర. సిలికోసిస్ మచ్చలు ఎక్కువగా ఊపిరితిత్తుల పైభాగంలో కనిపిస్తాయి. టీబీ కూడా ఎక్కువగా అక్కడే. దగ్గు, ఆయాసం, బరువు తగ్గడం రెండింటిలోనూ ఉంటాయి. పని సంగతి అడగకపోతే చీటీ మీద టీబీ అని పడుతుంది. ఆరు నెలలు మందులు మింగినా దమ్ము తగ్గదు. అట్లని మందులు మధ్యలో ఆపమని మేము చెప్పడం లేదు. సిలికా పీల్చినవాళ్లకు టీబీ ముప్పు ఎక్కువ, రెండూ కలిసే ఉండొచ్చు. అందుకే తెమడ పరీక్ష తప్పనిసరి. అందులో ఏమీ రాకపోతే అక్కడితో వదిలేయకుండా పని చరిత్ర తవ్వాలి.

ఇంకొకటి స్పైరోమెట్రీ, గొట్టంలోకి బలంగా ఊదించే పరీక్ష. మొత్తం ఊదిన గాలిలో మొదటి సెకనులో వచ్చింది 70 శాతం కంటే తక్కువైతే శ్వాసనాళాలు ఇరుకయ్యాయని అనుమానం. ఆస్తమా, సీఓపీడీ ఈ కోవలోవి. ఆ నిష్పత్తి బాగుండి మొత్తం గాలే తగ్గితే ఊపిరితిత్తి గట్టిపడిందేమో చూడాలి. సిలికోసిస్‌లో రెండూ ఉండొచ్చు, తొలిదశలో పరీక్ష మామూలుగానే రావచ్చు.

తగ్గింది అంటే దేనితో పోల్చి? వయసు, ఎత్తు, ఆడా మగా అన్నవాటితో పాటు చాలాకాలం ‘జాతి’ని కూడా లెక్కలో కలిపారు. నల్లవాళ్ల ఊపిరితిత్తుల శక్తి తక్కువని 1851లో రాసిన అమెరికా డాక్టర్ కార్ట్‌రైట్ బానిసత్వ సమర్థకుడు. జాతిని ఈ లెక్కలోంచి తీసేయమని అమెరికన్ థొరాసిక్ సొసైటీ చెప్పింది 2023లో! తిండి చాలక, పొయ్యి పొగలో పెరిగి తగ్గిన ఊపిరిని ‘మీవాళ్లకు ఇంతే’ అని నార్మల్ కింద రాస్తే జబ్బు కాగితం మీదికే రాదు.

గోదావరిఖని, మందమర్రి, బెల్లంపల్లి బొగ్గు బావుల్లో బొగ్గు దుమ్ముతో వచ్చేదీ ఈ కుటుంబపు జబ్బే, న్యుమోకోనియోసిస్. 1955 గనుల నియమాలు ఐదేళ్లకోసారి వైద్య పరీక్ష చేయాలన్నాయి, పర్మినెంట్ వాళ్లకే అని అనలేదు. సిలికోసిస్ గుర్తిస్తే అధికారులకు తెలియజేయాలని 1952 గనుల చట్టం కింద ఉంది, దాని స్థానంలో తెచ్చిన 2020 కోడ్‌లోనూ ఉంది. నష్టపరిహారం ఇవ్వాల్సిన వృత్తి జబ్బుల జాబితాలోనూ అది ఉంది. చీటీ మీద టీబీ అని మాత్రమే ఉంటే యజమానికి ఏ బాధ్యతా అంటదు.

కాబట్టి ఎవరినైనా దవాఖానకు వెంట తీసుకుపోయే విద్యార్థులు ఓపీ చీటీ మీద ఈ వివరాలు రాయించాలి: ఏ క్వారీ, ఏ సంవత్సరం నుంచి, ఏ మిషన్ మీద, నీళ్లు పెట్టేవాళ్లా లేదా. పాత ఎక్స్‌రే ఫిల్ములు పారేయొద్దు.