పరీక్ష హాల్లో మూడు గంటలు: అపోహలు – వాస్తవాలు

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాల్లో ప్రీ ఫైనల్ పరీక్షలు ముగిసిన రోజు ఏ ఉన్నత పాఠశాలకు వెళ్లినా ఒకటే మాట వినిపిస్తుంది: "అన్నీ వచ్చినయ్ సార్, టైమే సరిపోలే." పిల్లలు అబద్ధం చెప్పడం లేదు. కానీ టైం ఎందుకు సరిపోలేదన్న దానికి వాళ్లు చెప్పుకునే కారణాలు, ఇంట్లో పెద్దవాళ్లు చెప్పే కారణాలు చాలావరకు తప్పు. వచ్చిన జవాబు కాగితం మీదికి రాకుండానే బెల్లు మోగిందంటే ఏడాది చదువు అంతమేరకు వృథా అయినట్టే. ఆ నష్టం తప్పించగలిగిందే కనుక ఈ అపోహలను ఒక్కొక్కటిగా చూద్దాం.

అపోహ: చేయి వేగంగా నడిచే వాళ్లకే పేపర్ పూర్తవుతుంది.

పేపర్ పూర్తి కాకపోవడానికి ఎక్కువసార్లు కారణం రాసే వేగం కాదు, ఒకే ప్రశ్న దగ్గర ఆగిపోవడం. పదో తరగతి గణితం పేపర్‌నే లెక్క వేసి చూడండి. 80 మార్కుల పేపర్‌లో పార్ట్-ఎకు 60, పార్ట్-బికి 20. మొత్తం మూడు గంటల్లో చివరి అరగంట పార్ట్-బిది. అంటే పార్ట్-ఎకు 150 నిమిషాలు. అందులో రెండు మార్కుల ప్రశ్నలు ఆరు, నాలుగు మార్కులవి ఆరు, ఆరు మార్కులవి ఆరింట్లో నాలుగు రాయాలి. మార్కుకు రెండు నిమిషాల చొప్పున వేసుకుంటే మొత్తం 120 నిమిషాలే అవుతుంది. ప్రశ్నపత్రం చదవడానికి పది నిమిషాలు తీసేసినా ఇంకా ఇరవై నిమిషాలు చేతిలో ఉంటాయి.

ఇంత వెసులుబాటు ఉన్నా టైం ఎక్కడ పోతోంది? ఆరు మార్కుల లెక్కకు పన్నెండు నిమిషాలు చాలు. కానీ జవాబు తేలడం లేదని పాతిక నిమిషాలు దాని మీదే కూర్చుంటారు. "ఇంతసేపు చేసిన, ఇప్పుడెట్ల వదిలేయాలె" అన్న పట్టుదలే అసలు శత్రువు. గడిచిన నిమిషాలు ఎలాగూ తిరిగి రావు. ఇక మిగిలిన నిమిషాలు ఏ ప్రశ్నకు ఎక్కువ మార్కులు తెస్తాయన్నదే ఆలోచించాలి. జూరాల కాలువలో మన వంతు నీళ్లు వచ్చినప్పుడు ఏ రైతూ ఒక్క మడిలోనే నీళ్లు నిలబెట్టి మిగతా చేను ఎండబెట్టుకోడు. లెక్క తేలకపోతే నాలుగైదు గీతల స్థలం వదిలి ముందుకు వెళ్లాలి. అప్పటిదాకా రాసిన సూత్రానికి, చేసిన స్టెప్పులకు మార్కులు ఉంటాయి. ఒక పూర్తి జవాబు కోసం రెండు వచ్చిన ప్రశ్నలు వదులుకోవడం కంటే నష్టం మరొకటి లేదు.

అపోహ: పెద్ద ప్రశ్నలు ముందు రాసేస్తే బిట్లు ఎట్లాగో అయిపోతాయి.

ఇది చాలామంది పిల్లలను పాస్ గీత దగ్గర పడగొడుతున్న అపోహ. 80 మార్కుల్లో పాస్ కావడానికి కావాల్సింది 28. పార్ట్-బిలో 20 బిట్లు, పార్ట్-ఎ మొదటి సెక్షన్‌లో రెండు మార్కుల ప్రశ్నలు ఆరు. ఈ రెండూ కలిస్తేనే 32. అంటే వెనకబడిన విద్యార్థికి పాస్ అయ్యే దారి ఆరు మార్కుల ప్రశ్నల్లో లేదు, వాడు తేలిగ్గా తీసుకునే చిన్న ప్రశ్నల్లో ఉంది. అయినా పార్ట్-ఎలో మిగిలిన ఒక లెక్క కోసం పార్ట్-బి అరగంటలోంచి పదిహేను నిమిషాలు లాక్కునేవాళ్లు ప్రతి గదిలో ఉంటారు. ఇరవై బిట్లకు ముప్పై నిమిషాలంటే ఒక్కోదానికి నిమిషంన్నర. ఒక మార్కు ఇంత చవగ్గా దొరికే చోటు పేపర్ మొత్తంలో ఇంకెక్కడా లేదు. తప్పు రాస్తే మార్కు కోత కూడా లేదు కాబట్టి ఒక్క బ్రాకెట్ కూడా ఖాళీగా వదలొద్దు. పార్ట్-బిని జవాబు పత్రానికి దారంతో జతచేయడానికి కూడా రెండు నిమిషాలు ఉంచుకోవాలి.

అపోహ: మొదట తోచిందే కరెక్టు, మార్చితే తప్పవుతుంది.

ఈ మాట ఊళ్లల్లో, కోచింగ్ సెంటర్లల్లో వేదవాక్కులా తిరుగుతోంది. అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో 1,561 మంది విద్యార్థుల జవాబు పత్రాల్లో చెరిపి దిద్దిన గుర్తులను పరిశీలించి క్రూగర్, విర్ట్జ్, మిల్లర్ 2005లో ఒక అధ్యయనం ప్రచురించారు. మార్చిన జవాబుల్లో 51 శాతం తప్పు నుంచి ఒప్పుకు వచ్చాయి. ఒప్పు నుంచి తప్పుకు పోయినవి 25 శాతమే. మిగతావి ఒక తప్పు నుంచి ఇంకో తప్పుకు మారాయి. ఒప్పును చెరిపి పోగొట్టుకున్న మార్కు మనసులో గుచ్చుకుని ఉండిపోతుంది, మార్చి తెచ్చుకున్న మార్కు గుర్తుండదు. అపోహ నిలబడటానికి కారణం ఇదే.

అయితే మన దగ్గర ఒక ముఖ్యమైన తేడా ఉంది. పదో తరగతి పార్ట్-బిలో కొట్టివేసి, దిద్ది రాసిన జవాబుకు మార్కు ఇవ్వరు. ఓఎంఆర్ షీట్ మీద పెన్నుతో నింపిన వృత్తాన్నీ వెనక్కి తీసుకోలేం. కాబట్టి పునరాలోచన ఎంతైనా చేయొచ్చు కానీ అది అక్షరం రాయకముందే జరగాలి. అనుమానం ఉన్న బిట్ల పక్కన చిన్న చుక్క పెట్టుకుని, తెలిసినవన్నీ రాసేశాక చివర్లో వాటికి తిరిగి రావడం మేలు.

అపోహ: ఎన్ని పేజీలు నింపితే అన్ని మార్కులు.

మూల్యాంకనం చేసే టీచర్ చేతిలో ఏ పాయింటుకు ఎంత అని రాసి ఉన్న కీ ఉంటుంది. ఆయన పేజీలు లెక్కపెట్టరు. నాలుగు మార్కుల సోషల్ ప్రశ్నకు రెండు పేజీలు రాసిన పిల్లకు నాలుగే వస్తాయి, ఐదు రావు. కానీ అదనంగా రాసిన ఆ పేజీ ఎనిమిది పది నిమిషాలు తినేస్తుంది.

అపోహ: ప్రశ్నపత్రం మొత్తం చదవడం టైం దండగ.

ఆరింట్లో నాలుగు ఎంచుకోమన్నప్పుడు చదవకుండా ఎంచుకోవడం ఎట్లా? మొదటి పది నిమిషాల్లో ఛాయిస్ తేల్చుకుంటే మధ్యలో సగం రాసి కొట్టేసే పని తప్పుతుంది.

అపోహ: చేతికి వాచ్ లేకపోతే టైం మేనేజ్‌మెంట్ కుదరదు.

నీట్‌లో వాచ్ అనుమతించరు. రాష్ట్ర సర్వీస్ కమిషన్ పరీక్షల్లోనూ ఎలక్ట్రానిక్ వస్తువులకు చోటు లేదు. రేపు ఏ పరీక్షకు వెళ్లినా వాచ్ లేకుండా రాయాల్సి రావొచ్చు. కాబట్టి నిమిషాలు చూడటం కాకుండా అరగంట బెల్లును పట్టుకోవడం నేర్చుకోవాలి. 9.30కు మొదలయ్యే గణితం పేపర్‌కు పైన చెప్పిన లెక్కనే పెట్టుకుంటే 10 గంటలకు రెండు మార్కుల ప్రశ్నలు దాదాపు అయిపోవాలి. 10.30కు నాలుగు మార్కులవి సగం, 11కు అవన్నీ పూర్తి, 11.30కు ఆరు మార్కులవి మూడు. 11.45కల్లా నాలుగోది కూడా అయిపోతే పన్నెండు గంటల దాకా వదిలేసిన వాటికీ, సరిచూసుకోవడానికీ టైం ఉంటుంది. ఈ ఐదు గుర్తులు తలలో ఉంటే బెల్లు మోగినప్పుడల్లా తానెక్కడున్నాడో పిల్లవాడికే తెలుస్తుంది. భౌతిక శాస్త్రం, జీవశాస్త్రం మాత్రం వేరు. అవి 40 మార్కులకు గంటన్నర చొప్పున వేర్వేరు రోజుల్లో జరుగుతాయి. మూడు గంటల పేపర్‌కు అలవాటు పడి ఆ రోజున తీరిగ్గా మొదలుపెట్టి దెబ్బతిన్నవాళ్లు చాలామందే. గంటన్నర పేపర్‌ను విడిగా సాధన చేయాలి.

అపోహ: రాసే వేగం పుట్టుకతో వస్తుంది.

నాకు అన్నిటికంటే బాధ కలిగించే అపోహ ఇదే. నడిగడ్డలో సీడ్ పత్తి చేలల్లో క్రాసింగ్ పని ఊపు మీదుండే వర్షాకాలపు నెలల్లో చాలామంది పిల్లలు బడి మానేసి పొద్దున్నే చేలల్లో ఉంటారు. నల్లమల అంచున అమ్రాబాద్, పదర వైపు నుంచి వచ్చే పిల్లలకు బడి చేరడమే ఒక ప్రయాణం. వీళ్లు ఏడాదిలో నోట్‌బుక్ మీద రాసిన గంటలే తక్కువ. ఆ చేతులు మూడు గంటలు ఆగకుండా రాయలేకపోతే "వానికి స్పీడ్ లేదు" అని ముద్ర వేయడం అన్యాయం. లోపం పిల్లలది కాదు, వాళ్లకు దొరకని సాధనది. రాయడం వేళ్లకూ మణికట్టుకూ సంబంధించిన పని, రోజూ చేస్తే పెరుగుతుంది.

ఇందుకు ఖర్చు లేదు. దసరా సెలవుల తర్వాత నుంచి వారానికి ఒక రోజు ఒక పాత పేపర్‌ను పుస్తకం మూసి, గడియారం పెట్టి, పరీక్ష జరిగే వేళకే, మధ్యలో లేవకుండా రాయించాలి. మొదట గంట, తర్వాత రెండు గంటలు, సంక్రాంతికల్లా మూడు గంటలు. దీనివల్ల రెండో లాభం కూడా ఉంది. చదివిందే మళ్లీ చదవడం కంటే చూడకుండా రాసి చూసుకుంటే రోజులు గడిచాక కూడా ఎక్కువ గుర్తుంటుందని రోడిగర్, కార్పికే 2006లో చేసిన ప్రయోగాలు చూపించాయి. అంటే చేయి వేగం కోసం చేసే పనే జ్ఞాపకానికీ పనికొస్తుంది. ఇంట్లో తల్లిదండ్రులు చేయగలిగిన గొప్ప సాయం ఏమిటంటే ఆ మూడు గంటలు బిడ్డను ఏ పనికీ పిలవకపోవడం.

అపోహ: ఒక పరీక్షకు పనికొచ్చిన పద్ధతి అన్నిటికీ పనికొస్తుంది.

ఎప్‌సెట్‌లో 160 ప్రశ్నలకు 180 నిమిషాలు, మైనస్ మార్కులు లేవు. ఇక్కడ ప్రశ్న వదిలేయడమే తప్పు. నీట్‌లో 180 ప్రశ్నలకు 180 నిమిషాలు, తప్పుకు ఒక మార్కు పోతుంది. అక్కడ తెలియనిదాన్ని వదిలేయడమే తెలివి. గ్రూప్-1 మెయిన్స్ జనరల్ ఎస్సే పేపర్‌లో మూడు గంటల్లో యాభై మార్కుల వ్యాసాలు మూడు రాయాలి. ఇష్టమైన అంశం వచ్చిందని మొదటిదానికే గంటన్నర ఇస్తే మూడోది పేరాగ్రాఫ్‌గా మిగిలిపోతుంది. వనపర్తి లైబ్రరీలో కూర్చుని చదువుతున్న అభ్యర్థి అయినా, నాగర్‌కర్నూల్‌లో ఇంటర్ చదివే అమ్మాయి అయినా ముందు తెలుసుకోవాల్సింది సిలబస్ ఎంతుందో కాదు, పేపర్‌లో ఏ మార్కు ఎన్ని నిమిషాలకు దొరుకుతుందో.

అపోహ: టైం పరీక్ష మొదలైనప్పటి నుంచే లెక్క.

సెంటర్ వేరే ఊళ్లో పడ్డప్పుడు బస్సు తప్పితే అన్ని లెక్కలూ తప్పుతాయి. గేటు మూసే ముందు కొద్ది నిమిషాల సడలింపు ఇచ్చే ఏర్పాటు ఉన్నా దాని మీద ఆధారపడకూడదు. ముందురోజే సెంటర్ చూసి రావాలి, ఏ బస్సుకు వెళ్లాలో దానికంటే ముందు బస్సుకు బయలుదేరాలి. ఆయాసపడుతూ వచ్చి కూర్చున్నవాడికి ప్రశ్నలు అర్థం కావడానికే పది నిమిషాలు పడుతుంది.

అపోహ: అదనపు సమయం చూపు లేనివాళ్లకే ఇస్తారు.

ఈ అపోహ వల్ల హక్కుగా రావాల్సిన సమయాన్ని పోగొట్టుకుంటున్న పిల్లలు మన పల్లెల్లో ఉన్నారు. కేంద్ర ప్రభుత్వం 2018 ఆగస్టులో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం రాయడంలో ఇబ్బంది ఉన్న అర్హులైన దివ్యాంగులకు గంటకు 20 నిమిషాలకు తగ్గకుండా అదనంగా ఇవ్వాలి. అంటే మూడు గంటల పరీక్షకు మరో గంట. చేతి నరాల సమస్యతో రాయలేని వికాస్ కుమార్ అనే సివిల్స్ అభ్యర్థి కేసులో 2021 ఫిబ్రవరి 11న సుప్రీంకోర్టు 40 శాతం వైకల్యం ఉంటేనే సహాయకుడిని ఇస్తామనడం సరికాదని తీర్పు చెప్పింది. ఆ తర్వాత 2022 ఆగస్టులో 40 శాతం కంటే తక్కువ వైకల్యం ఉండి రాయడం కష్టమైన వాళ్ల కోసం కూడా కేంద్రం మార్గదర్శకాలు తెచ్చింది.

అయితే ఇది పరీక్ష రోజు చీఫ్ సూపరింటెండెంట్‌ను అడిగితే దొరికేది కాదు. వైద్య ధ్రువపత్రం ముందే ఉండాలి. ప్రధానోపాధ్యాయుడు నామినల్ రోల్స్ పంపే సమయంలోనే ఈ విషయం చెప్పి, బోర్డుకు దరఖాస్తు వెళ్లేలా చూసుకోవాలి. రాస్తుంటే చేయి కొంకర్లు పోతుందని బిడ్డ చెబితే బద్ధకం అనుకోకుండా ఆ నెలలోనే ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకెళ్లి చూపించండి. వైద్య పరీక్షలకు, పత్రాలకు వారాలు పట్టొచ్చు కాబట్టి తొమ్మిదో తరగతి వేసవి సెలవుల్లోనే మొదలుపెడితే ఇబ్బంది ఉండదు.