పంట రవాణాలో పికప్ వాహనాలు: చాసిస్ బలం, అధిక భారం వల్ల కలిగే ముప్పు

విత్తన మోతాదును, ఎరువుల మోతాదును, నీటి తడులను లెక్క ప్రకారం నిర్ణయించుకునే రైతు కూడా పంటను వాహనానికెత్తే వేళ మాత్రం కంటి అంచనాపైనే ఆధారపడుతున్నాడు. గత రెండు దశాబ్దాలలో ఎడ్లబండి చేసిన పనిలో పెద్ద భాగాన్ని చిన్న సరుకు వాహనాలు అందుకున్నాయి. కళ్లం నుండి మిల్లుకు, తోట నుండి మార్కెట్ యార్డుకు పంటను చేర్చేవి ఎక్కువగా ఇవే. అయితే తొట్టిలో ఎంత పడితే అంత ఎత్తవచ్చునన్న భావన, నిన్న మోసిన బరువును నేడూ మోస్తుందన్న నమ్మకం గ్రామాలలో బలంగా ఉన్నాయి. ఈ రెండూ ఎందుకు సరికావో వివరించి, పాటించవలసిన జాగ్రత్తలను సూచించడం ఈ వ్యాసం ఉద్దేశం.

తొట్టి పరిమాణం వేరు, మోయగల బరువు వేరు

ఒక ఘనపు మీటరు వడ్లు సుమారు 550 నుండి 600 కిలోలు తూగుతాయి. అంతే పరిమాణంలో మొక్కజొన్న గింజలు 700 కిలోలు దాటుతాయి. ఇసుక సుమారు 1,600 కిలోలు ఉంటుంది. రెండున్నర మీటర్ల పొడవు, 1.7 మీటర్ల వెడల్పు, అర మీటరు ఎత్తు గల తొట్టిని అంచుల వరకు నింపితే వడ్లు దాదాపు 1,200 కిలోలు, మొక్కజొన్న 1,500 కిలోలు, ఇసుక 3,400 కిలోలు పడతాయి. తొట్టి ఒక్కటే, నిండిన తీరూ ఒక్కటే. బరువు మాత్రం దాదాపు మూడు రెట్ల వరకు మారుతున్నది.

మోయగల బరువును తెలుసుకోవడానికి ఆర్.సి.లోని రెండు అంకెలు చాలు: అనుమతించిన మొత్తం బరువు, ఖాళీ వాహనం బరువు. ఉదాహరణకు మొత్తం బరువు 2,900 కిలోలు, ఖాళీ బరువు 1,600 కిలోలు అనుకుందాం. తేడా 1,300 కిలోలు. ఖాళీ బరువులో డ్రైవరు, సహాయకుని బరువు చేరదు. వారికి 130 కిలోలు, తరువాత బిగించిన ఇనుప చట్రానికి, టార్పాలిన్‌కు 70 కిలోలు తీసివేస్తే సరుకుకు మిగిలేది 1,100 కిలోలు. అంటే 40 కిలోల వడ్ల బస్తాలు 27 మాత్రమే.

కోత యంత్రంతో కోసిన వడ్లలో తేమను కూడా లెక్కలోనికి తీసుకోవాలి. 24 శాతం తేమ గల 100 కిలోల వడ్లు, కొనుగోలుకు అనుమతించే 17 శాతానికి ఆరితే సుమారు 91.6 కిలోలకు తగ్గుతాయి. ఆరబెట్టకుండా తరలించే ప్రతి టన్నులో 84 కిలోలు కేవలం నీరే. కిరాయి చెల్లించి, చాసిస్‌ను శ్రమపెట్టి మనం మోయిస్తున్నది ఆ నీటిని కూడా.

చాసిస్ భారాన్ని వహించే తీరు

పికప్ వాహనాలలో అత్యధికం నిచ్చెన ఆకారపు చాసిస్‌పై నిర్మితమవుతాయి. పొడవునా రెండు ఉక్కు దూలాలు, వాటిని కలుపుతూ అడ్డ దూలాలు ఉంటాయి. ముందు, వెనుక ఇరుసుల వద్ద ఆధారం పొంది, మధ్యలోను, వెనుక కొసన భారాన్ని మోసే ఈ దూలాలు వంగడానికి గురవుతాయి. వంచే శక్తి బరువుపై మాత్రమే కాక, ఆ బరువు ఆధారం నుండి ఎంత దూరంలో ఉన్నదన్న దానిపై కూడా ఆధారపడుతుంది.

ఇరుసుల మధ్య దూరం మూడు మీటర్లు గల వాహనంలో 200 కిలోల సరుకును వెనుక ఇరుసుకు 75 సెంటీమీటర్లు వెనుకగా ఉంచితే, వెనుక ఇరుసుపై 250 కిలోల భారం పెరుగుతుంది, ముందు ఇరుసుపై 50 కిలోలు తగ్గుతుంది. అదే సరుకును వెనుక ఇరుసుకు ఒక మీటరు ముందుకు జరిపితే వెనుక ఇరుసుపై 133 కిలోలు, ముందు ఇరుసుపై 67 కిలోలు పడతాయి. తొట్టి వెనుక తలుపును దించి, దానిపై కూడా బస్తాలు పేర్చడం ఎంత హానికరమో దీనిని బట్టి గ్రహించవచ్చు.

లోహపు అలసట

ఒక్కసారి వంచితే తెగని తీగ పదిసార్లు వంచితే తెగుతుంది. చాసిస్ కూడా ప్రతి గుంతలో, ప్రతి స్పీడ్ బ్రేకరు వద్ద కొద్దిగా వంగి మరల యథాస్థితికి వస్తుంది. ఈ ఆవర్తనాలు లక్షలలో జరుగుతాయి. వెల్డింగు అతుకులు, రంధ్రాలు, కమాన్ పట్టీల బ్రాకెట్లు ఉన్న చోట కంటికి కనబడని సన్నని పగులు మొదలై క్రమంగా పెరుగుతుంది.

వెల్డింగు చేసిన ఉక్కు మన్నిక, దానిపై పడే ప్రతిబలపు హెచ్చుతగ్గుల ఘనానికి సుమారుగా విలోమానుపాతంలో ఉంటుందని ఇంజనీర్లు లెక్కిస్తారు. పై ఉదాహరణలోని వాహనానికి 27 బస్తాలకు బదులు 44 ఎత్తామనుకుందాం. సిబ్బందితో, చట్రంతో కలిపి మోసే బరువు 1,280 కిలోల నుండి 1,960 కిలోలకు, అంటే సుమారు ఒకటిన్నర రెట్లకు చేరుతుంది. ప్రతిబలం అదే నిష్పత్తిలో పెరిగితే అతుకు మన్నిక మూడో వంతు కంటె తక్కువకు పడిపోతుంది. చాసిస్ ఆ రోజు విరగదు. కాబట్టే “నిన్న మోసింది కదా” అన్న మాట రుజువు కాదు. నిన్నటి భారం నేటి బలంలో కొంత ఖర్చు చేసింది.

అదనపు కమాన్ పట్టీలు పరిష్కారమా?

వెనుక భాగం కుంగకుండా అదనంగా కమాన్ పట్టీలు వేయించడం సర్వసాధారణం. దీనివల్ల వాహనం నిటారుగా నిలుస్తుంది. కాని చాసిస్, ఇరుసు, బేరింగులు, బ్రేకులు మునుపటివే. పైగా పట్టీలు బిరుసెక్కినకొద్దీ గుంతల అదురును అవి తక్కువగా పీల్చుకుంటాయి, మిగిలినది నేరుగా చాసిస్‌కు చేరుతుంది. కుంగడం అనేది అధిక భారాన్ని తెలిపే హెచ్చరిక. అదనపు పట్టీ ఆ హెచ్చరికను దాచిపెడుతుంది.

దూలం పై అంచు, కింది అంచులలో ప్రతిబలం అత్యధికం. ఎత్తైన చట్రాలు బిగించడానికి ఆ అంచులలో రంధ్రాలు వేయడం, వెల్డింగు చేయడం పగుళ్లకు నాంది పలకడమే.

బ్రేకులు, టైర్లు, మనుషులు

ఒకే వేగంలో బరువు ఒకటిన్నర రెట్లయితే, ఆపడానికి బ్రేకులు వేడిగా మార్చవలసిన శక్తి కూడా అంతే పెరుగుతుంది. వెనుక భారం వల్ల ముందు చక్రాలు తేలికపడి స్టీరింగు పట్టు సడలుతుంది. బ్రేకు వేసినప్పుడు ఎక్కువ పని చేసేవి ముందు చక్రాలే కనుక ఆ మేరకు నిలుపుదల కూడా తగ్గుతుంది. అధిక భారంతో టైరు పక్కగోడలు అతిగా వంగి వేడెక్కుతాయి. మామిడి రవాణా జరిగే ఎండాకాలంలో ఇది టైరు పేలడానికి దారితీయవచ్చు. ఇటువంటి వాహనంలో సరుకుపై కూలీలను కూర్చోబెట్టి తీసుకుపోవడం ఎంతమాత్రం తగదు. చాసిస్ విరిగినా, టైరు పేలినా మొదట పడిపోయేది వారే.

పొలం నేలకు జరిగే నష్టం

టైరు నేలపై కలిగించే ఒత్తిడి దానిలోని గాలి పీడనానికి దాదాపు సమానం. రోడ్డు కోసం ఉద్దేశించిన పికప్ టైర్లలో ఈ పీడనం ట్రాక్టరు టైర్ల కంటె ఎంతో ఎక్కువ. బరువు పెరిగినకొద్దీ నేల గట్టిపడే లోతు కూడా పెరుగుతుంది. కృష్ణా, గోదావరి డెల్టాలలో వరి కోతకు ముందే మినుము వెదజల్లిన మాగాణులలో తదుపరి దుక్కి ఉండదు. అక్కడ చక్రాల దారిలో నేల అణగిపోతే మొలకలు, వేళ్లు రెండూ దెబ్బతింటాయి. వాహనాన్ని గట్టు బయటనే నిలిపి ఎత్తడం మేలు.

పాటించవలసిన జాగ్రత్తలు

• సరుకుకు మిగిలే బరువును ఆర్.సి. నుండి లెక్కించి, ఏ పంట బస్తాలు ఎన్నో తొట్టిపై రాయించాలి.
• కొత్త పంట మొదటి లోడును తప్పక వేబ్రిడ్జిపై తూయించాలి.
• వడ్లను, మొక్కజొన్నను వీలైనంత వరకు ఆరబెట్టిన తరువాతే తరలించాలి.
• బరువైన బస్తాలను కింద, క్యాబిన్ వైపు పేర్చాలి. వెనుక తలుపు దాటి సరుకు ఉంచరాదు.
• పత్తి వంటి తేలిక సరుకులో బరువు కంటె ఎత్తు ప్రమాదకరం. మలుపులలో బోల్తా పడకుండా ఎత్తును పరిమితం చేయాలి.
• ప్రతి సీజన్‌కు ముందు వెనుక ఇరుసు పైభాగంలో, బ్రాకెట్ల వద్ద చాసిస్‌ను శుభ్రపరచి పగుళ్లకై పరిశీలించాలి. పగులుపై గీతలా వెలువడే తుప్పు తొలి లక్షణం.

2019 మోటారు వాహనాల సవరణ చట్టం ప్రకారం అధిక భారానికి జరిమానా 20,000 రూపాయలు. అదనపు ప్రతి టన్నుకు మరో 2,000 రూపాయలు. ఎక్కువైన సరుకును దించే వరకు వాహనాన్ని కదలనివ్వరు. ఒక ట్రిప్పు మిగిల్చామన్న లాభం దీనిముందు నిలువదు.

కిరాయిని ట్రిప్పుకు ఇంతని మాట్లాడుకున్నప్పుడు ఎక్కువ ఎత్తించడం రైతుకు లాభంగా తోస్తుంది. చాసిస్ అరుగుదల యజమానిది, ప్రాణాపాయం డ్రైవరుది, కూలీలది. కిరాయిని క్వింటాలుకు, దూరానికి నిర్ణయించుకుంటే ఈ ప్రలోభం చాలావరకు తొలగిపోతుంది. రైతు ఉత్పత్తిదారుల సంఘాలు తమ సభ్యుల రవాణాకు ఈ పద్ధతిని అనుసరించడం శ్రేయస్కరం.